అతిథి ముఖానికి అడ్డొచ్చిన గెలాక్సీ

ఉద్యోగ విరమణ చేసిన అధ్యాపకుడు కలం పట్టుకుంటే సాధారణంగా తన సేవల గురించీ, తనను మరువని శిష్యుల గురించీ రాస్తాడు. నేను కోపం గురించి రాస్తున్నాను. భౌతికశాస్త్రం బోధించే ఉద్యోగంలో ఇప్పుడిప్పుడే చేరుతున్న మీకు ఈ కోపం పనికివస్తుందన్న నమ్మకంతో, దాన్ని చల్లార్చకుండా, చేతనైనంత క్రమంగా మీ ముందుంచుతున్నాను.

ఎవరి పేరూ చెప్పను. అందులో భయమేమీ లేదు. పేర్లు చెబితే తప్పు ఆ నలుగురిదేనని మీరు సర్దుకుంటారు, అంతే. ఈ కథలోని గెలాక్సీకి కూడా పేరు లేదు. ఆకాశంలో అది ఉన్న చోటును తెలిపే అంకెల వరుసే దానికి పేరు. ఇందులో వచ్చే అందరికంటే నిరాడంబరమైనది అదే.

మాది గద్వాల నేతపని కుటుంబం. మా వంశంలో డిగ్రీ పట్టా చేతికందుకున్న మొదటివాణ్ణి నేను. నాగర్‌కర్నూలులో కొంతకాలం, వనపర్తిలో చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పాను. వర్ణపటాల పాఠం వచ్చినప్పుడల్లా నాకు ఒక లోటు తోచేది. నల్లబల్ల మీద గీసిన గీతలే తప్ప నిజమైన నక్షత్రపు వెలుగును పిల్లలకు చూపలేకపోయేవాణ్ణి. పెద్ద దూరదర్శినులు తీసిన చిత్రాలనూ, వర్ణపటాలనూ ఎవరైనా వాడుకునేలా అంతర్జాలంలో ఉంచడం మొదలైన తరువాత ఆ లోటు కొంత తీరింది. మా కంప్యూటరు గదిలో నెట్ నత్తనడక నడిచేది. అయినా ఒక చిత్రం పైనుంచి కిందికి మెల్లమెల్లగా తెరుచుకుంటుంటే, కొత్త చీర మడత విప్పుతున్నట్టే ఉండేది.

ఆఖరి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి అలా తెరుచుకున్న ఒక సర్పిల గెలాక్సీ దగ్గర ఆగిపోయింది. వాళ్ళది కొత్తకోట. తండ్రి హైవే పక్కన లారీలు బాగుచేసే మెకానిక్. రోజూ బస్సులో వచ్చి పోయేది. క్లాసులో వెనక వరుసలో కూర్చునేది, ప్రశ్న మాత్రం ముందు వరుస దాకా వినిపించేలా అడిగేది.

"సార్, ఇది ఎటు తిరుగుతుందో ఎట్ల తెలుస్తది? మనం జూస్తుండంగ అయితే తిరగదు గదా?"

నిజమే. ఆ వెలుగు అక్కడ బయల్దేరినప్పుడు భూమి మీద మనిషే లేడు. మనం ఎన్ని తరాలు కళ్ళప్పగించి చూసినా ఆ బొమ్మ వెంట్రుకవాసి కదలదు. అయినా అది ఎటు తిరుగుతుందో చెప్పవచ్చు. ఆ మార్గం నేను చూపాను, పని ఆమె చేసింది.

కథకు అవసరం కనుక ఆ గెలాక్సీ ఎలా ఉంటుందో చెబుతాను. నడుమ ముసలి నక్షత్రాలు గుమిగూడిన పసుపుపచ్చని ముద్ద. దాని నుంచి రెండు చేతులు బయటికి విచ్చుకుంటాయి. వాటిలో కొత్తగా పుట్టిన నక్షత్రాల నీలి వెలుగు. ఎడమవైపు పైకి చాచిన చేయి రెండోదానికంటే పొడవు. దాని కొసన తెల్లగా మెరిసే చుక్క ఒకటి ఉంది. అది ఆ గెలాక్సీది కాదు, మన పాలపుంతకే చెందిన నక్షత్రం, దారికి అడ్డుగా నిలబడింది. గెలాక్సీ మొత్తం ఒక పళ్ళెం కాస్త వాల్చి పెట్టినట్టుగా ఉంటుంది. కింది అంచులోని ధూళి నడిమి వెలుగుకు అడ్డుపడి నల్లని చారలుగా కనిపిస్తుంది కాబట్టి ఆ అంచే మనకు దగ్గరిది. ఇక వర్ణపటం. కేంద్రంతో పోలిస్తే ఎడమవైపు వెలుగు ఎరుపు దిక్కుకు జరిగింది, అంటే ఆ వైపు మననుంచి దూరంగా పోతోంది. కుడివైపు వెలుగు నీలం దిక్కుకు జరిగింది, అంటే ఆ వైపు మన దిక్కుగా వస్తోంది. ఇవన్నీ కలిపి చూస్తే గెలాక్సీ గడియారపు ముల్లు తిరిగినట్టు తిరుగుతోందని తేలుతుంది. చేతులు మాత్రం కేంద్రం నుంచి బయటికి, దానికి ఎదురు దిశలో విచ్చుకున్నాయి. అంటే అవి వెనకబడి వస్తున్నాయి, గిర్రున తిరిగే పిల్ల జడ వెనక్కి ఎగిరినట్టుగా.

శాస్త్రానికి ఇది కొత్త సంగతి కాదు. ఆమెకు కొత్త. కొత్తకోట బస్సులో కూర్చుని కాగితం మీద బాణాలు గీసుకుంటూ, చెరిపేసుకుంటూ, ఆ ముగింపుకు తనంతట తాను చేరింది. మరునాడు ప్రయోగశాల తలుపు దగ్గరే నన్ను ఆపి చెప్పింది.

"సార్, చేతులు ఎనుకకే పడుతున్నయి. నాలుగు దిక్కులకెల్లి చూసిన. ఇంకో తీరుగ ఉండనీకి రాదు."

ఇంకో తీరుగా ఉండటానికి వీల్లేదని తేల్చుకున్న మనిషి ముఖంలో ఒక ధీమా కనిపిస్తుంది. అధ్యాపకుడి బతుకులో అది మాటిమాటికీ కనిపించే దృశ్యం కాదు.

ఆ ఏడాది మా మూడు జిల్లాల డిగ్రీ విద్యార్థులకు గద్వాలలో విజ్ఞాన ప్రదర్శన పెట్టారు. ఎంపికైన ఇద్దరికి వేసవి సెలవుల్లో ఒక కొండమీది నక్షత్ర వేధశాలలో శిక్షణ. అక్కడి పెద్ద దూరదర్శిని వెనక నిలబడి, పెద్ద శాస్త్రజ్ఞుల పక్కన పనిచేసే అవకాశం. మా ప్రాంతపు పిల్లలకు అలాంటి తలుపు తరచుగా తెరుచుకోదు. ఆ తలుపు దాటితే ఆమె పైచదువుకు దారి పడుతుందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

తండ్రి అనుమతి అడగడానికి నేనే కొత్తకోట వెళ్ళాను. ఆయన లారీ కింద పడుకొని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. నేను చెప్పిందంతా ఆ కాళ్ళే విన్నాయి. తరువాత ఆయన బయటికి జరిగి వచ్చి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"సార్, ఆడ ఆడపిల్లలకు ఉండనీకి రూములు గిట్ల మంచిగుంటయా?"

"ఉంటాయి. నేను కనుక్కున్నాను."

"కొండ మీద అంటున్రు. సలి మస్తుంటదా?"

"రాత్రిళ్ళు చలిగానే ఉంటుంది."

ఆయన పక్కనే నిలబడి ఉన్న కూతురి వైపు తిరిగాడు. "నువ్వు ఆడికి పోయి సుక్కలు జూస్తే మల్ల ఈడ బస్సు దిగుతవా?"

"దిగుతగానీ, మల్ల ఎక్కుత నాయినా."

ఆయన గట్టిగా నవ్వాడు. మరుసటి వారం ఆ అమ్మాయి కాలేజీకి ఒక కవరు పట్టుకొచ్చి చూపించింది. అందులో ముదురు నీలం రంగు ఉన్ని స్వెటర్. మా పాలమూరు ఎండలకు స్వెటర్ కొనే తండ్రి అంతకన్నా స్పష్టంగా 'సరే' అని చెప్పలేడు.

ప్రదర్శన కోసం మేము మా ఖర్చుతోనే చిత్రాలను మామూలు కాగితం మీద ముద్రించుకుని, అట్టలకు అంటించుకుని, సిద్ధంగా పెట్టుకున్నాము. ప్రారంభానికి ముందురోజు ప్రిన్సిపల్‌గారు వాటిని చూసి పెదవి విరిచారు.

"గిది ఏందండీ, చిన్నపిల్లల బడి ప్రాజెక్టు లెక్క? ముఖ్య అతిథి వస్తుండు. ఫ్లెక్సీ కొట్టిద్దాం. ఫైలు పెన్‌డ్రైవ్‌ల వేసియ్యున్రి, మిగతాది నేను చూసుకుంట."

ఇచ్చాను. చిత్రం, దాని పక్కన ఆమె రాసిన పాఠం, రెండూ ఇచ్చాను. ఆ ఫ్లెక్సీ చుట్ట చుట్టుకుని ప్రిన్సిపల్‌గారి కారులో సరాసరి గద్వాలకు వచ్చింది. నేను దాన్ని మొదటిసారి చూసింది ప్రదర్శన హాలులోనే.

విప్పగానే మొదట కనిపించింది గెలాక్సీ కాదు. పైన ఎడమవైపు ముఖ్య అతిథి ముఖం. మా ఇంటి తలుపంత పెద్దది. దాని పైన ఒక వరుసలో వివిధ నాయకుల ముఖాలు, చిన్న చిన్న వలయాల్లో. కింద మూలలో చేతులు జోడించిన ప్రిన్సిపల్‌గారు. ఇందరికీ చోటు ఇచ్చిన తరువాత మిగిలిన నడిమి భాగంలో, ఎన్నో కోట్ల నక్షత్రాల గెలాక్సీ ఒదిగి కూర్చుని ఉంది.

నేను ముఖాల గురించి చిరాకు పడుతూ ఉండగానే ఆ అమ్మాయి నా పక్కకు వచ్చి మెల్లగా అంది.

"సార్, ఇది మనది కాదు."

"మనదేనమ్మా. ఆ పొడవు చేయి చూడు."

"చెయ్యి జూడున్రి సార్, కుడి దిక్కుంది. సుక్క గూడ కుడి దిక్కుకే పోయింది. తిప్పేసిన్రు."

చూశాను. అద్దంలో బొమ్మలా చిత్రం మొత్తం ఎడమ కుడి అయింది. పక్కనున్న పాఠం మాత్రం ఆమె రాసినట్టే, సరిగానే ఉంది. 'చేతులు గడియారపు ముల్లుకు ఎదురు దిశలో విచ్చుకున్నాయి' అని పాఠం చెబుతోంది. పక్కనే చిత్రంలో అవి ముల్లు దిశలోనే విచ్చుకుంటున్నాయి. చదివి చూసినవాడెవడైనా ఆ పిల్లకు కుడి ఎడమలు తెలియవనుకుంటాడు. ఇంకా లోతుగా చూసినవాడు, ఆమె లెక్క ప్రకారం చేతులు ముందుకు పరుగెడుతున్నాయని, కనుక లెక్కే తప్పని అనుకుంటాడు.

మా ఇంటికి వచ్చినవాళ్ళ ముందు చీర పరచినప్పుడు వెనకవైపు పైకి వస్తే మా నాన్న ఊరుకునేవాడు కాదు. మనుషుల ముందే తిట్టి, మడత విప్పి, మళ్ళీ వేయించేవాడు. చేసిన పనికి ముందువైపు అనేది ఒకటి ఉంటుందనీ, దాన్నే చూపాలనీ నేను అక్కడే నేర్చుకున్నాను. డిగ్రీ నాకు దానికి మించి నేర్పిందేమీ లేదు.

ప్రిన్సిపల్‌గారు వేదిక దగ్గర పూలదండలు లెక్కచూస్తున్నారు. వెళ్ళి విషయం చెప్పాను.

"అవును, నేనే చెప్పిన," అన్నారు ఏమాత్రం తడబడకుండా. "ఆ తోక సార్ మొహం మీదికి వచ్చిందట. జర అటు జరుపయ్యా అంటే వాడు తిప్పిండు. మంచిగనే ఉంది గదా?"

"అది తోక కాదండీ. తిప్పితే ఆ పిల్ల ప్రాజెక్టు మొత్తం తప్పవుతుంది."

"ఎట్లయితది? గెలాక్సీ గెలాక్సీనే గదా? పైకి పోయి ఎవరు చూసిండ్రు? అది ఏమన్న వచ్చి కంప్లైంట్ ఇస్తదా?"

"ఫ్లెక్సీ తీసేసి మా అట్టలు పెట్టుకుంటాము. వెంట తెచ్చాము."

ఆయన పూలదండ కిందపెట్టి నా దగ్గరికి వచ్చారు. గొంతు తగ్గించి, నా భుజం మీద చేయి వేసి అన్నారు. "సార్, మీరు ఇంకో ఆరు నెలలల్ల రిటైరయితరు. నాకు ఇంకా సర్వీసుంది. అతిథి మొహం తీసి అట్టముక్క పెట్టిన్రని తెలిస్తే నేను యాడికి పోవాలె? మీకు గెలాక్సీ ఎక్కువ, నాకు నౌకరీ ఎక్కువ. మీకు మీది, నాకు నాది."

యువ మిత్రులారా, ఆయన చెడ్డవాడు కాదు. పిల్లల ఫీజులకు జేబులోంచి ఇచ్చిన సందర్భాలు నాకు తెలుసు. అందుకే నా కోపం ఇంకా పెద్దది. చెడ్డవాడు చేసిన అన్యాయాన్ని ఎదిరించడానికి మనకు ఎంతో కొంత అలవాటు ఉంది. మంచివాడు భుజం మీద చేయి వేసి చేసే అన్యాయం ముందు మాత్రం నోరు పెగలదు.

పరిశీలకుడు వచ్చాడు. నగరం నుంచి పిలిపించిన పెద్ద ఆచార్యుడు. ఒక్కొక్క ప్రదర్శన ముందు ఆగి, ఓపికగా చదివి, మంచి ప్రశ్నలు వేస్తున్నాడు. అతణ్ణి చూసి నాకు ధైర్యం కలిగింది. మా దగ్గర ఆగి, పాఠం చదివి, చిత్రం చూసి, కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"అమ్మా, నీ కొలతల ప్రకారం ఈ చిత్రంలో చేతులు ముందుకు సాగుతున్నాయి. నువ్వేమో వెనకబడుతున్నాయని రాశావు."

ఎంత సరైన ప్రశ్న! ఫ్లెక్సీ చూసి ఆ మాత్రం పట్టుకున్నవాడు ఆ హాలులో అతడొక్కడే. ఆ అమ్మాయి ఫోను తీసి అసలు చిత్రం చూపించింది. చుక్క ఎక్కడుండాలో, ఫ్లెక్సీలో ఎక్కడుందో, వేలితో పెట్టి చెప్పింది. అతడు రెండింటినీ మార్చి మార్చి చూసి, చిరునవ్వు నవ్వాడు.

"అర్థమైంది. ముద్రణలో తిరగబడింది. నువ్వు చేసిన పని సరైనది, చాలా బాగుంది కూడా."

నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ అతడు ఇంకా ముగించలేదు.

"కాకపోతే ఇక్కడ మార్కులు ప్రదర్శనలో ఉన్నదానికే. చిత్రం ఒకటి, పాఠం ఇంకొకటి చెప్పకూడదు. ఆ ఫ్లెక్సీ తీయడం కుదరదని మీ ప్రిన్సిపల్ అంటున్నారు. పోనీ, పాఠం మార్చు. దిశ అన్నచోట ఒక స్టిక్కర్ అంటించు. ఎడమ, కుడి కూడా అటూ ఇటూ చెయ్యి. అప్పుడు అంతా పొందికగా కుదురుతుంది, ముగింపు ఎలాగూ అదే. ముఖ్య అతిథి వచ్చేలోపు చేసేయి. నీ పేరు నేను రాసుకుంటాను."

ప్రిన్సిపల్‌గారు అప్పటికే తెల్ల స్టిక్కర్లు తెప్పించారు. ఆ అమ్మాయి వాటిని చేతిలోకి తీసుకోలేదు. నా వైపు కూడా చూడలేదు. నేరుగా అతనితోనే అంది.

"అట్ల జేస్తే అది వేరే గెలాక్సీ అయితది సార్. అసుంటిది ఆకాశంల లేదు."

"ఇది ప్రదర్శనమ్మా, ఆకాశం కాదు," అన్నాడు ఆచార్యుడు, ఇంకా నవ్వుతూనే.

ఈ వాక్యాన్ని నేను మరిచిపోలేదు. భౌతికశాస్త్రం తెలియని ప్రిన్సిపల్‌గారిని ఒక్కోసారి క్షమించగలిగాను. ఇతణ్ణి ఇప్పటికీ క్షమించలేదు. ఇతడికి తెలుసు. తెలిసి కూడా, ఉన్న గెలాక్సీని లేని గెలాక్సీగా దిద్దమన్నాడు, ఎంతో మర్యాదగా, ఉపకారం చేస్తున్న స్వరంతో. మీరు ఉద్యోగంలో చాలామంది మూర్ఖులను చూస్తారు. వాళ్ళకు భయపడకండి. నవ్వుతూ స్టిక్కర్ అంటించుకోమనే పండితుడికి భయపడండి.

"నువ్వేమంటావు?" అని నేను ఆ అమ్మాయిని అడిగాను. నిర్ణయం ఆమెది. స్టిక్కర్ అంటించుకుంటే నేను తప్పుపట్టేవాణ్ణి కాదు. కొండ మీదికి పోవాల్సింది ఆమె. స్వెటర్ కొన్నది ఆమె తండ్రి.

ఆమె బల్ల మీదున్న నల్ల మార్కర్ తీసుకుంది. స్టాళ్ళకు నెంబర్లు వేయడానికి ఉంచిన మార్కర్ అది. స్టూలెక్కి, గెలాక్సీ కింద పెద్ద అక్షరాలతో రాసింది: 'ఈ బొమ్మను తిప్పి ముద్రించారు. చేతులు విచ్చుకునే నిజమైన దిశ ఇది.' ఆపైన కుడివైపు నుంచి ఎడమకు, గెలాక్సీ నెత్తి మీదుగా, ఒక పొడవాటి వంకర బాణం గీసింది. ఆ బాణం మొన తిన్నగా వెళ్ళి ముఖ్య అతిథి చెంపకు తగిలింది. ఆమె కావాలని చేయలేదు. ఎడమవైపున గెలాక్సీకి అవతల ఉన్నదంతా ఆయన చెంపే. బాణానికి పోవడానికి ఇంకో చోటు లేదు.

అదే సమయంలో బయట డప్పులు మోగాయి.

ముఖ్య అతిథి అనుచరులతో సహా లోపలికి వచ్చాడు. మా స్టాలు ముందే ఆగాడు, తన ముఖం ఉంది కనుక. ముఖాన్ని సంతృప్తిగా చూసుకుని, అమ్మాయిని అడిగాడు.

"ఏందమ్మా ఇది?"

"గెలాక్సీ సార్."

"మనదేనా?"

"కాదు సార్, మస్తు దూరంది."

"మరి మనది ఎందుకు పెట్టలె?"

"మనం దాని లోపటనే ఉన్నం సార్. బయటికెల్లి ఫోటో తియ్యనీకి రాదు."

ఆయన ఆలోచనగా తల ఊపాడు. న్యాయంగా చెప్పాలంటే, ఆ రోజంతటిలో ఆమె మాటను ఉన్నదున్నట్టుగా అంగీకరించినవాడు ఆయనొక్కడే. కథ అక్కడితో ముగిసేది. కానీ పక్కనున్న అనుచరుడు బాణాన్ని చూశాడు.

"అన్నా, నీ మొహం మీద గీత! ఎవడు గీసిండ్రా ఇది?"

ఆ తరువాత జరిగినది లొల్లి. తోపులాటలో ఎవరెవరు ఏమన్నారో రాయడం అనవసరం. "గీత అన్న మీద కాదు, దిశ మీద," అని నేను అరిచాను. ఎవరూ వినలేదు. ముఖ్య అతిథి "పోనియ్యున్రి, చిన్నపిల్ల" అన్నాడు. ఆయన పోనిచ్చినా ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు పోనివ్వలేదు. ప్రిన్సిపల్‌గారు చేతులు జోడించి క్షమాపణ చెప్పారు, ఫ్లెక్సీలో ఉన్న భంగిమలోనే. ఆచార్యుడు మా స్టాలు వైపు మళ్ళీ రాలేదు.

సాయంత్రం ఎంపికైన ఇద్దరి పేర్లు చదివారు. ఆమె పేరు లేదు. వేదిక దగ్గరికి వెళ్ళి కారణం అడిగాను. "క్రమశిక్షణ," అన్నారు. ఏ క్రమశిక్షణ అని అడిగాను. "అతిథి చిత్రపటాన్ని పాడుచేయడం," అన్నారు. గెలాక్సీ చిత్రాన్ని పాడుచేసినవాళ్ళకు ఏ శిక్ష అని అడిగాను. మైకు ఆపేశారు.

తండ్రి ఆమెను తీసుకుపోవడానికి మోటార్ సైకిల్ మీద గద్వాల వచ్చాడు. జరిగినది నేనే చెప్పాను. గోడకు వేలాడుతున్న ఫ్లెక్సీ వైపు చూసి, "ఇది ఇగ పనికొస్తదా మీకు?" అని అడిగాడు. ఎవరికీ పనికిరాదన్నాను. తాడు విప్పి, చుట్ట చుట్టి, బండికి కట్టుకున్నాడు. ఆ అమ్మాయి వెనక ఎక్కి కూర్చుంది. అప్పుడు మాత్రం నా వైపు చూసి అడిగింది.

"సార్, నేను రాసింది సరైనదే గదా?"

"సరైనదే."

"ఇంకో తీరుగ ఉండనీకి రాదు గదా?"

"రాదు."

మరునాడు వనపర్తిలో ఆ ఫ్లెక్సీ ముద్రించిన కుర్రాడి దుకాణానికి వెళ్ళాను, కోపంతోనే. అతడు నా మాట విని నిజంగా ఆశ్చర్యపోయాడు.

"సార్, ఆ తెల్ల సుక్క అతిథి సారు ముక్కు మీదికి వచ్చింది, ముక్కుపుడక లెక్క. జనం నవ్వరా? అందుకే తిప్పిన. పెండ్లి ఫ్లెక్సీలల్ల పిల్లను, పిలగాన్ని ఎదురెదురు జూసెటట్లు ఇట్లనే తిప్పుత. వాచీ కుడి చేతికి వస్తది. ఇంతవరకు ఎవ్వలన్న అడిగిన్రా?"

అతడి మీద నా కోపం అక్కడే ఆగిపోయింది. ఎవరూ అడగరన్న సత్యం మీద అతడి వ్యాపారం నడుస్తోంది. ఆ సత్యాన్ని అతడు తయారుచేయలేదు, మనమే చేశాము.

నేను పైవాళ్ళకు రాశాను. జవాబు రాలేదు. ప్రభుత్వ కార్యక్రమంలో అసభ్యంగా ప్రవర్తించినందుకు సంజాయిషీ ఇమ్మని నాకే ఒక మెమో వచ్చింది. సంజాయిషీలో గెలాక్సీ వాలు, ధూళి చారలు, ఎరుపు నీలం వైపులు, అన్నీ వివరంగా రాసి, బొమ్మలు గీసి పంపాను. నా ఉద్యోగ జీవితంలో నేను అత్యంత శ్రద్ధతో రాసిన పాఠం అదే. దాన్ని ఎవరైనా చదివారని నేను అనుకోను. కొన్ని నెలలకు పదవీ విరమణ సభ జరిగింది. నాకూ ఫ్లెక్సీ కొట్టించారు. అందులో నా చొక్కా జేబు కుడివైపు ఉంది. కింద చేతులు జోడించిన ప్రిన్సిపల్‌గారు మాత్రం సరిగానే ఉన్నారు. నా జేబు ఎటున్నా నష్టపోయేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ అమ్మాయి ఇప్పుడు కొత్తకోటలోనే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. పైచదువుకు వెళ్ళలేదు. బాగానే ఉందని అందరూ అంటారు. నేను అనను. బడిలో పాఠాలు చెప్పడం తక్కువ పని కాదు, ఆ పని విలువ నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ ఆమె దాన్ని ఎంచుకోలేదు. ఒక ముఖానికి అడ్డురాకుండా ఒక గెలాక్సీని తిప్పినందువల్ల అక్కడికి చేరింది.

ఈ వేసవిలో సోమశిల వెళ్ళివస్తూ కొత్తకోటలో దిగాను. మధ్యాహ్నపు ఎండ మాడ్చేస్తోంది. మెకానిక్ షెడ్డుకు ముందు భాగంలో నీడ కోసం ఒక ఫ్లెక్సీని పైన కట్టి ఉంచారు. సెలవులు కాబట్టి ఆ అమ్మాయి అక్కడే స్టూలు మీద కూర్చుని పేపర్లు దిద్దుతోంది. నన్ను చూసి లేచి, నీళ్ళు ఇచ్చి, వేలు పైకి చూపించింది.

"మీదికి జూడున్రి సార్."

ముద్రించిన వైపు ఆకాశానికి పెట్టి కట్టారు. ఎండ ఆ పలచని గుడ్డలోంచి దిగుతుంటే, కింది నుంచి బొమ్మంతా తిరగేసి కనిపిస్తోంది. పొడవు చేయి ఎడమవైపు ఉంది. కొసన తెల్ల చుక్క ఎడమవైపు ఉంది. చేతులు గడియారపు ముల్లుకు ఎదురుగా, ఎలా విచ్చుకోవాలో అలాగే విచ్చుకున్నాయి. ముఖ్య అతిథి కుడి మూలకు పోయి, ఎండకు వెలిసి, కళ్ళూ ముక్కూ కలిసిపోయి ఉన్నాడు. ఆమె రాసిన వాక్యం మాత్రం అద్దంలో రాతలా తిరగబడి చదవడానికి రావడం లేదు. ఆమె బాణం ఇప్పుడు తప్పు దిక్కు చూపుతోంది.

"ఎవరు ఇలా కట్టింది?" అని అడిగాను.

లారీ కింది నుంచి రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి. ఆ వైపు నుంచి జవాబు వచ్చింది.

"నేనే సార్. ఆయన మొహం కింద నేను పనిచెయ్య. అందుకే మీదికి పెట్టిన, ఎండల మాడనీ అని. బొమ్మ సీదా అయిందని నాకు తెల్వదు. బిడ్డనే జెప్పింది."

నేను ఇంకా పైకే చూస్తున్నాను. ఆయన లారీ కింది నుంచి జరిగి వచ్చి, నా పక్కన నిలబడి, తనూ పైకి చూశాడు.

"ఇప్పుడు సీదాగనే ఉంది గదా సార్?"

"అవును. ఇప్పుడు సరిగ్గా ఉంది."

"మరి నా బిడ్డను ఎప్పుడు పంపుతరు కొండ మీదికి? స్వెటర్ ఇంక కవర్లనే ఉంది."

ఆయన పరిహాసానికి అడగలేదు. ఆయనకు జవాబు చెప్పాల్సినవాళ్ళలో ఒక్కరూ ఆ నీడ కింద నిలబడి పైకి చూడలేదు.